లారీ ముందున్న ఖాళీ

రహదారి మీద వెళ్ళే ప్రతి లారీ ముందూ కనిపించే ఖాళీ స్థలం ఇకమీదట కార్లకే చెందుతుందని కార్ల యజమానుల సంక్షేమ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించిన సంగతి ప్రజలందరికీ సంతోషంతో తెలియజేయడమైనది. అంతకుముందు ఆ ఖాళీలోకి కార్లు దూరేవి కావా అని మీరు అడగవచ్చు. దూరేవి. కానీ అప్పుడది అలవాటు, ఇప్పుడు హక్కు. అలవాటుగా దూరేవాడు ఒకసారైనా అద్దంలో వెనక్కి చూసుకుంటాడు. హక్కుగా దూరేవాడికి ఆ తిప్పలు లేవు.

ఈ ఖాళీని కనిపెట్టిన ఘనత సంఘం అధ్యక్షులవారిది. వారు సోఫాలు, మంచాలు అమ్మే పెద్ద దుకాణానికి యజమాని. ఎక్కడైనా కాస్త జాగా కనిపిస్తే అందులో ఏదో ఒక సామాను పెట్టించందే నిద్రపోని మనిషి. నిండు లోడుతో వెళ్ళే లారీలన్నీ తమ ముందు నాలుగైదు కార్లు పట్టేంత చోటు వదిలేసి నడుస్తున్నాయని వారు ఒకనాడు గమనించారు. అంత చోటు ఊరికే పడి ఉండటం చూసి వారి కడుపు తరుక్కుపోయింది. ఇంటికి రాగానే సర్వసభ్య సమావేశం పిలిచారు.

లారీలు అసలు ఖాళీ ఎందుకు వదులుతాయన్న విషయం మీద సమావేశంలో లోతైన చర్చ జరిగింది. బద్ధకం వల్ల అని ఒకరన్నారు. కార్లంటే భయం వల్ల అని ఇంకొకరన్నారు. అధ్యక్షులవారు లేచి, "కాదు, అది గౌరవం! పెద్దమనుషులు వస్తే అరుగు మీద జరిగి చోటివ్వడం లేదూ? ఇదీ అంతే!" అని తేల్చేసరికి హాలు చప్పట్లతో మారుమోగింది. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మాస్టారు కూడా ఆ సంఘంలో సభ్యుడే. బరువైన వస్తువు వేగంగా పోతుంటే ఆపగానే ఆగదని ఆయన ఉద్యోగంలో చేరిననాటి నుంచీ పిల్లలకు చెబుతూనే ఉన్నాడు. ఆయన అభిప్రాయం అడిగారు. "అది పరీక్షల కోసం చెప్పేదండీ," అని ఆయన అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

లారీలవాళ్ళేమైనా తక్కువ తిన్నారా అంటే, అదీ లేదు. వాళ్ళ యూనియన్ మర్నాడే సమావేశమై, ఒక లారీ ఇంకో లారీని దాటే మహాకార్యం జరుగుతున్నంతసేపూ రోడ్డంతా తమదేనని తీర్మానించింది. ఆ కార్యం ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. నత్తలాంటి లారీని నత్తకు అన్నలాంటి లారీ దాటుతుంది. మధ్యలో డ్రైవర్లిద్దరూ కిటికీల్లోంచి ఒకరి కుశలం ఒకరు అడుగుతారు, పెళ్ళి సంబంధాలు కూడా మాట్లాడుకుంటారు. వెనక నిలిచిన కార్లను వాళ్ళు అగ్గిపెట్టెలంటారు. అగ్గిపెట్టెల్లో ఉన్నవాళ్ళు వాళ్ళనేమంటారో ఇక్కడ రాయడానికి లేదు.

ఇరువర్గాలనూ శాంతింపజేయడానికి రహదారి అధికారిగారు నడుం కట్టారు. రోడ్డు పక్కన ఒక పెద్ద బోర్డు నిలబెట్టించారు. దాని మీద "ముందున్న ఖాళీని అందరం కాపాడుకుందాం" అని రాయించి, అధికారిగారి ఫొటో, యూనియన్ నాయకుడి ఫొటో, వాటికి రెండింతలున్న అధ్యక్షులవారి ఫొటో వేయించారు. కార్లవాళ్ళు ఖాళీలోకి దూరి దాన్ని కాపాడటం మొదలుపెట్టారు. లారీలవాళ్ళు హారన్ కొట్టి కాపాడారు. అధికారిగారు సమస్య పరిష్కారమైందని పైకి రాసి చేతులు దులుపుకున్నారు.

ఇంతలో మీసాలాయన కథ వచ్చి పడింది.

మీసాలాయన కొత్త కార్లను మోసుకుపోయే రెండంతస్తుల లారీకి డ్రైవరు. ఆయన మీసం ఆయనకంటే ముందు మలుపు తిరుగుతుందని తోటివాళ్ళ ఎగతాళి. నోటి దురుసు ఎక్కువే. కారు కనిపిస్తే చాలు, అందులో ఉన్నవాళ్ళ ఏడు తరాలనూ పలకరించేవాడు. కానీ పొట్ట పోసుకోవడానికి ఆయనకు వచ్చిన విద్య అదొక్కటే. ఇంట్లో భార్య, నర్సు చదువు చదువుతున్న కూతురు ఆ స్టీరింగు మీదే బతుకుతున్నారు. బావమరిదికి లారీ నేర్పి, లైసెన్సు ఇప్పించి, పనిలో పెట్టింది కూడా ఆయనే.

ఆ రోజు పొద్దున అధ్యక్షులవారు భార్యతో కలిసి పాత కారులో షోరూముకి బయల్దేరారు. ఊళ్ళో ఇంకెవరికీ లేని రంగు కావాలని పట్టుబట్టి ఆర్డరిచ్చిన నిమ్మపండు రంగు కారు ఆ రోజే వస్తోంది. దారిలో మీసాలాయన లారీ కనిపించింది. దాని ముందు ఖాళీ కూడా కనిపించింది. సంఘానికి అధ్యక్షుడై ఉండి దూరకపోతే ఏం మర్యాద? దూరారు. దూరిన కాసేపటికే బోర్డు వచ్చింది. అందులో తమ ఫొటో మీద కాకులేమైనా చేశాయేమో చూసుకుందామని వారు గట్టిగా బ్రేకు తొక్కారు.

లారీ ఆగలేదు. మాస్టారు పరీక్షల కోసం చెప్పే విషయం రోడ్డు మీద కూడా నిజమేనని అప్పుడే బయటపడింది. మీసాలాయన బ్రేకు మీద నిలబడి, స్టీరింగు ఒక్కసారిగా పక్కకు తిప్పేశాడు. లారీ కారును వెంట్రుకవాసిలో తప్పించుకుని, గోతిలోకి ఒరిగింది. పై అంతస్తులోని ఒక కారు గొలుసులు తెంచుకుని కిందపడి నాలుగు చక్రాలూ ఆకాశానికి చూపించింది.

అధ్యక్షులవారు దిగి వచ్చి, పగిలిన మోచేత్తో బయటికి పాకుతున్న మీసాలాయన మీద విరుచుకుపడ్డారు. లారీవాళ్ళ క్రమశిక్షణ గురించి ఒక ఉపన్యాసం కూడా మొదలుపెట్టారు. అప్పుడు వారి భార్య గోతిలోకి చూసి, "ఏమండీ, ఆ నిమ్మపండు రంగు మనం చెప్పిందే కదూ?" అంది.

అధ్యక్షులవారు ఉపన్యాసం ఆపి గోతి అంచుకు పరిగెత్తారు.

"ఒరేయ్! గోతిలోకి ఎందుకు పోయావురా? నన్ను గుద్దవచ్చు కదా! పాత కారుకి ఇన్సూరెన్సు ఉందిరా!"

"నేనూ అందులోనే ఉన్నానండీ," అని భార్య గుర్తుచేసింది.

"నువ్వాగు! కొత్త కారు పోయి నేనేడుస్తుంటే!"

విచారణ సంఘం వేశారు. రహదారి అధికారిగారు అందులో పెద్ద. ఫిర్యాదుదారు, ప్రత్యక్ష సాక్షి, సభ్యుడు అనే మూడు బాధ్యతలను అధ్యక్షులవారు ఒంటిచేత్తో మోశారు. సాంకేతిక నిపుణుడిగా మాస్టారు కూర్చున్నారు. కార్మికుల తరఫున యూనియన్ నాయకుడు వచ్చి, కార్మికుడి చెమట చుక్క విలువ గురించి కుర్చీలు తడిసేంతసేపు మాట్లాడాడు. తర్వాత లారీలు నిలుపుకోవడానికి స్థలం ఇస్తామని అధికారిగారు చెవిలో చెప్పగానే, చెమట తుడుచుకుని కూర్చున్నాడు.

మీసాలాయన చేతికి కట్టుతో నిలబడ్డాడు.

"అయ్యా, లోడు బండి తొక్కగానే నిలబడదు. అందుకే ముందు చోటు వదులుతాం. ఆయన అందులోకొచ్చి బ్రేకేశాడు. నేను తిప్పకపోతే ఆయనా, ఆయమ్మా నుజ్జయిపోయేవాళ్ళు. వాళ్ళు బతికున్నారు కదయ్యా! నా లైసెన్సు మాత్రం తీసెయ్యకండి. నాకింకో పని రాదు."

"వాళ్ళు పోయేవాళ్ళన్నది ఊహ. కారు పోయిందన్నది వాస్తవం. విచారణ వాస్తవాల మీద నడుస్తుంది," అన్నారు అధికారిగారు.

మూడు నేరాలు రుజువయ్యాయి. ఖాళీ వదిలి, అమాయకమైన కారును ప్రలోభపెట్టడం మొదటిది. రోడ్డుండగా గోతిలోకి పోవడం రెండవది. ఢీకొనమని బాధితుడే స్వయంగా కోరినా ఢీకొనకపోవడం మూడవది. కూతురి చదువును దృష్టిలో పెట్టుకుని దయతో శిక్ష తగ్గించి, మీసాలాయన బతికున్నంతకాలం లారీ నడపకూడదని మాత్రమే తీర్పిచ్చారు. కార్లు నడుపుకోవచ్చు. ఇలాంటివి మళ్ళీ జరగకుండా లారీలన్నిటికీ ఉత్తర్వు కూడా పంపారు: ముందు ఖాళీ వదలరాదు, పక్కకు తప్పుకోరాదు.

ఇంత న్యాయం ఎక్కడైనా చూశారా? నాకైతే తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది, ఆనందంతోనే అనుకోండి.

మీసాలాయన ఇంట్లో పొయ్యి చల్లబడింది. కూతురు చదువు మానేస్తానంది. ఆయన భార్య వెళ్ళి అధ్యక్షులవారి భార్య దగ్గర కూర్చుని ఏడ్చింది. తను బతికుండటానికి కారణం ఎవరో ఆ ఇల్లాలికి తెలుసు. ఇంట్లో రోజంతా పోరి, మీసాలాయనను తమ కారుకే డ్రైవరుగా పెట్టించింది. అధ్యక్షులవారి కరుణ పేపర్లో ఫొటోతో సహా పడింది.

అచ్చంగా అదే రంగులో ఇంకో కారు వచ్చింది. మీసాలాయనకు తెల్ల దుస్తులు కుట్టించారు. మొదటి రోజు ఆయన లారీలకు బాగా వెనకాల, ఒద్దికగా నడిపాడు. "ఏమయ్యా, ఊరేగింపులో ఉన్నామా? వాడు దూరిపోతున్నాడు, వీడు దూరిపోతున్నాడు! నీకు చేతకావడం లేదా?" అని అధ్యక్షులవారు వెనక నుంచి దెప్పారు. చేతకాదనే మాట మీసాలాయన పుట్టి బుద్ధెరిగి పడలేదు. ఆయన మీసం ఒకసారి అదిరింది. వారం తిరిగేసరికి నిమ్మపండు రంగు కారు ఎక్కడ వేలు పట్టే సందు దొరికితే అక్కడ మనిషంత దూరుతోంది. "ఈ లారీనాయాళ్ళకి బుద్ధి లేదు సార్! రోడ్డు వీళ్ళబ్బ సొత్తనుకుంటారు!" అనడం కూడా వచ్చింది. మనసారా అనేవాడు. ఎవరో నేర్పితే వచ్చిన మాటలా ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం రెండు లారీల మధ్య అర కారు పట్టే సందు కనిపించింది. ఉత్తర్వు వచ్చాక లారీలు అంతకంటే ఎక్కువ వదలడం లేదు. మీసాలాయన అందులో కారును ఇరికించేశాడు. వెనక లారీ గుండె అదిరేలా హారన్ కొట్టింది.

వెనక సీట్లో ఉన్న అధ్యక్షులవారి భార్య అద్దంలోంచి ఆ లారీ ముఖాన్ని చూసి హడలిపోయింది. "ఏమయ్యా! లోడు బండి నిలబడదని ఆ రోజు నువ్వే కదా చెప్పావు?"

"అది అప్పుడమ్మా. అప్పుడు నేను వెనకున్నాను. ఇప్పుడు ముందున్నాను కదా!"

"భేష్!" అన్నారు ముందు సీట్లో ఉన్న అధ్యక్షులవారు. "కాస్త నెమ్మదించవయ్యా, బోర్డు వస్తోంది. కొత్త ఫొటో వేశారట, చూద్దాం."

మీసాలాయన బ్రేకు తొక్కాడు.

వెనక లారీలో ఉన్నది ఆయన బావమరిదే. బావకు కొత్త పని దొరకకముందే దూరపు లోడుకు వెళ్ళి అప్పుడే తిరిగొస్తున్నాడు కాబట్టి, ముందున్న కారులో బావ ఉన్నాడని అతనికి తెలియదు. స్టీరింగు తిప్పితే ఏమవుతుందో మాత్రం బావ ఇంటి పొయ్యి చూసి బాగా తెలుసుకున్నాడు. పక్కన గొయ్యి ఉంది, గడ్డి కూడా మెత్తగానే ఉంది. అతను తిప్పలేదు.

కారు వెనక సగం ముందు సగంలోకి వచ్చింది. మీసాలాయన, అధ్యక్షులవారు గీతలతో బయటపడ్డారు. వెనక కూర్చున్న ఆ ఇల్లాలిని మాత్రం తలుపు కోసి తీయాల్సి వచ్చింది. అధికారిగారు ఆ దారిన పోతూ ఆగి, అక్కడికక్కడే విచారణ జరిపారు. "ఖాళీ వదల్లేదండీ, పక్కకు పోలేదండీ, ఉత్తర్వు ప్రకారమే గుద్దాను," అని బావమరిది వణుకుతూ చెప్పాడు. అధికారిగారు ఎంత వెతికినా తప్పు దొరకలేదు. గుద్దమని అడిగినవారు కళ్ళెదుటే నిలబడి ఉన్నారు. "బావా, నువ్వని తెలిస్తే..." అంటూ బావమరిది ఏడ్చాడు. మీసాలాయన అతని వంక కూడా చూడకుండా, "లారీవెధవ!" అన్నాడు.

అంబులెన్సు వచ్చింది. ఆ ఇల్లాలిని ఎక్కించుకుని కూత పెట్టుకుంటూ బయల్దేరింది. "మెల్లగా, మెల్లగా," అని లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది. అంబులెన్సు ఏదైనా కారణంతో ఆగాల్సి వస్తే ఆమె ప్రాణం నిలవదని వెంట ఉన్న నర్సు కేకేసి చెప్పింది కూడా. నాగరికులైన మన కార్లవాళ్ళు ఎంతో గౌరవంగా పక్కకు జరిగి దారిచ్చారు. అంబులెన్సు దాటగానే దాని వెనక చక్కటి ఖాళీ ఏర్పడింది. అందులోకి ఒక కారు దూరింది, దాని వెనక ఇంకొకటి, దాన్ని దాటుకుంటూ మరొకటి. వాటిలో ఒకటి, వెనక ఉండటం నామోషీ అనిపించి కాబోలు, అంబులెన్సును కూడా దాటి దాని ముందున్న ఖాళీలోకి వెళ్ళింది.

మీరు ఆ వెనక వరుసలో లేరని నాకు తెలుసు. మీరు అంత ఆలస్యంగా దూరే మనిషి కారు. కాస్త బ్రేకు మీంచి కాలు తీయండి, వెనక అంబులెన్సులో ఆమె ఉంది.