చిల్లుల ముక్కు కొంగ

"నా కంట పడకుండా తప్పించుకునే పిట్ట ఇంకా గుడ్డులోంచి బయటికి రాలేదు బావగారూ!"

కళ్ళజోళ్ళ షాపాయన ఈ మాట అన్నది శనివారం. ఆదివారం పొద్దున్నే సముద్రపొడ్డున బురదమేటల దగ్గర, పొగమంచులో, ఒక తెల్లటి ప్లాస్టిక్ సంచిని గంటసేపు ఊపిరి బిగబట్టి ఫొటోలు తీశాడు. మధ్యలో గాలి వీచి అది ఎగిరి ఇంకోచోట వాలింది. దాంతో ఆయనకున్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

ఊళ్ళో సగం మందికి చూపు ఇచ్చిన మనిషి. ఆ సగం మందిలో ఎవరు ఎదురుపడినా గుర్తుపట్టడు.

కెమెరా ఆయనది కాదు, బావగారిది. అంటే భార్యకి సొంత అన్నయ్య. పక్షిప్రేమికుల సంఘానికి కార్యదర్శి. ఈ తీరంలో కొంగ తుమ్మినా కబురు ముందు ఆయనకే వెళుతుంది.

"ప్రదర్శన నాటికి తెడ్డుమూతి కొంగ ఫొటో ఒక్కటి తెచ్చారా, కెమెరా మీ దగ్గరే ఉంచుకోండి బావా. తేలేదా, మర్యాదగా తిరిగిచ్చేయండి," అన్నాడాయన.

తెడ్డుమూతి కొంగ అంటే పొడుగు కాళ్ళ తెల్ల పిట్ట. ముక్కు చివర అచ్చం గరిటెలా చదునుగా ఉంటుంది. నీళ్ళలో దిగి, గిన్నె కలియబెట్టినట్టు ముక్కు అటూ ఇటూ తిప్పుకుంటూ తింటుంది.

కెమెరా పోతే ఒట్టి కెమెరా పోదు. ఆదివారం పొద్దుట ఇంట్లోంచి బయటపడే దారి మూసుకుపోతుంది. ఆ దారి మూసుకుంటే పరదాలు ఉతికే దారి తెరుచుకుంటుంది. 

వారాల తరబడి తిరిగాడు. ఫొటోల్లో పొగమంచు బ్రహ్మాండంగా వచ్చింది. పిట్టే రాలేదు.

ఆ ఫొటోలన్నీ ఆయన భార్య చూసేది. ఆవిడది ఆసుపత్రిలో ఎక్స్‌రే గదిలో పని. రోజంతా బూడిదరంగు మసకలోంచి జనం మింగిన గుండీలు పట్టుకునే మనిషి.

"ఏవండీ, ఇదేమిటి?"

"పొగమంచు."

"మరి ఇది?"

"ఇంకాస్త పొగమంచు."

"ఎంత శుభ్రంగా ఉందండీ! ఒక్క మచ్చ లేదు. ఇలాంటి ఊపిరితిత్తులు నా సర్వీసులో చూళ్ళేదు."

ప్రదర్శన దగ్గర పడేకొద్దీ ఆయనకి అన్నం సహించలేదు. షాపులో ఒక పెద్దమనిషికి పొరపాటున కళ్ళజోడు తిరగేసి పెట్టాడు. ఆయన బాగానే కనబడుతోందని చెప్పి వెళ్ళిపోయాడు. సరిగ్గా అప్పుడే మనవాడి బుర్రలో మెరుపు మెరిసింది. చూపు అంటే నమ్మకమే! పైన పొగమంచు ఉండనే ఉంది.

షాపు వెనక గదిలో కొంగ పుట్టింది. ఒంటికి ఇంట్లో దిండు, మెడకి వంకీ గొడుగు పిడి, కాలికి పరదా రాడ్డు. రెండో రాడ్డు మర ఎంత తిప్పినా ఊడలేదు కాబట్టి కొంగ ఒంటికాలి మీద నిలబడాలని తీర్మానించాడు. ఇక ముక్కుకి, వంటింట్లో చేతికి ముందు తగిలిన గరిటె. దానికి బూటు పాలిష్ పట్టించాడు. పైగా రాడ్డు లేకపోతే పరదాల గొడవా ఉండదు. ఒక్క పిట్టా దొరకని మనిషికి ఒకే దెబ్బకి రెండు పిట్టలు!

తెల్లారగట్ల బురదలో పాతి ఫొటో తీశాడు. తీస్తుండగానే సముద్రం పోటెత్తింది. కెమెరా ఒక్కటే గుండెకి హత్తుకుని గట్టుకి పరిగెత్తాడు. కొంగ అక్కడే ఉండిపోయింది.

ఫొటో చూసి బావగారు ఆయన్ని వాటేసుకున్నాడు. ఆవిడ మాత్రం ఫొటోని కిటికీ వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఒంటికాలి మీద ఉందేమండీ?"

"కొంగలకి అలవాటేగా."

"కాలికి ఎక్కడా మడత కూడా లేదు."

"వయసులో ఉన్న పిట్ట."

"అదృష్టవంతురాలు." ఫొటో బల్లమీద పెట్టింది. "ఇంతకీ నా చిల్లుల గరిటె ఎక్కడైనా కనబడిందా?"

చేతికి ముందు తగిలిన గరిటె వేయించినవి నూనెలోంచి తీసే చిల్లుల గరిటె అని ఆయనకి అప్పుడే తెలిసింది. "లే... లేదే!" అన్నాడు. ఆవిడ "సరే" అంది. ఆ సరేకి ఆయనకి జ్వరం వచ్చినంత పనైంది.

సాయంత్రం బావగారి ఫోను.

"బావా, ప్రదర్శన కోసం ఫొటో గోడంత పెద్దది చేయించాను. ఘోరం! ముక్కు నిండా చిల్లులు! వరసగా, గుండ్రంగా! ఏదో మాయదారి జబ్బు. పశువుల డాక్టరుకి చెప్పేశాను. రేపు పొద్దున్నే వల తీసుకుని వస్తున్నాం. చోటు మీరే చూపించాలి."

"అదీ... ఈపాటికి ఎగిరిపోయి ఉంటుందేమో బావగారూ."

"అంత చిల్లుల ముక్కేసుకుని ఎంత దూరం పోతుంది బావా!"

ఆ కొంగని సముద్రం మింగేసి ఉండాలని ఆయన మొక్కని దేవుడు లేడు.

పొద్దున్నే షాపు తెల్లకోటు వేసుకుని బయల్దేరాడు. తెల్లగా ఉంటే పిట్ట బెదరదని అందరికీ చెప్పాడు. అసలు సంగతి, కోటు కింద దిండు దాచడానికి చోటుంటుందని. ఆవిడ చెప్పులేసుకుని గుమ్మంలో రెడీగా ఉంది.

"నువ్వెందుకే చలిలో?"

"జబ్బు పిట్ట కదండీ, పరామర్శించొద్దూ? ఆ కెమెరా ఇలా ఇవ్వండి. పిట్టని పట్టాలంటే మీ చేతులు ఖాళీగా ఉండాలిగా."

బురదమేటల దగ్గర పొగమంచు పాలుపోసినట్టుంది. గట్టు మీద బావగారు, వల పట్టుకుని పశువుల డాక్టరు. "మీరిక్కడే ఉండండి. నా మొహం దానికి అలవాటు," అని చెప్పి కళ్ళజోళ్ళాయన మంచులో మాయమయ్యాడు.

కొంగ చెక్కుచెదరకుండా ఉంది. ఆయన జీవితంలో కట్టినవాటిలో నిలబడింది అదొక్కటే.

గొడుగు ఊడింది. గరిటె చేతికొస్తే పళ్ళతో కరుచుకున్నాడు. నీళ్ళు తాగిన దిండు పిల్ల ఏనుగంత బరువుంది. దాన్ని చంకలో ఇరికించుకుని రాడ్డు లాగబోతే కుడికాలు మోకాలి దాకా బురదలో దిగబడింది. రెండోది కూడా దిగబడుతుందన్న భయంతో ఎడమకాలు పైకెత్తేశాడు. దూరంగా పోటు చప్పుడు వినిపించింది.

అప్పుడే మంచు కాస్త పలచబడింది.

"అదిగో!" బావగారి కేక. "ఒంటికాలు! చిల్లుల ముక్కు! అదే!"

"అమ్మో, ఎంతుందండీ ఇది!" అన్నాడు డాక్టరు.

"జబ్బుతో వాచిపోయింది, విసరండి!"

వల వచ్చి నెత్తిన పడింది.

వలలో ఆయన ఆలోచించాడు. నోరు విప్పితే కెమెరా పోతుంది, పరువు పోతుంది. విప్పకపోతే కొంగగానే బతకాలి. కొంగగా బతకడానికి మనసు ఇంచుమించు సిద్ధపడింది కూడా.

"మత్తు సూది తీస్తున్నా," అంది డాక్టరు గొంతు. "గేదెలకి వాడేది. తొడమీద పొడిచేద్దాం."

ఇంతలో పక్కనుంచి బాగా తెలిసిన గొంతు, తొణకని గొంతు.

"కదలకండి. గాలి బాగా పీల్చండి... బిగబట్టండి..."

ఆయన బిగబట్టాడు. క్లిక్‌మంది.

"ఇక వదలొచ్చు."

గాలితోపాటు అంతా వదిలేశాడు. "గరిటె నేనే తీశానే! దిండూ నేనే, గొడుగూ నేనే! బావగారూ, అసలు కొంగే లేదండీ! డాక్టరుగారూ, సూది వద్దు!"

బావగారు గట్టుమీద అలాగే కూలబడ్డాడు. ఆవిడ వల పైకెత్తి ముందు గరిటె తీసుకుంది.

"తెలుసు. ఫొటో చూడగానే తెలుసు. కాలికి పరదా రాడ్డు, మెడలో గొడుగు పిడి. దిండు కుట్టు నేను వేసిందే."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"ఏం మింగావని అడిగితే ఎవరు చెబుతారండీ? కాస్త నిలబెట్టి, ఊపిరి బిగబట్టమంటే వాళ్ళే చెబుతారు." గరిటె వాసన చూసి మొహం చిట్లించింది. "పాలిష్ మటుకు కనిపెట్టలేకపోయాను."

ఆ ఫొటో సంగతి ప్రింటు వచ్చాక గానీ బయటపడలేదు. వలలో ఒంటికాలి మీద ఈయన. ఈయన పక్కనే, బెత్తెడు నీళ్ళలో, ముక్కు అటూ ఇటూ తిప్పుకుంటూ నిజమైన తెడ్డుమూతి కొంగ! నలుగురిలో దాన్ని చూసింది ఆవిడ ఒక్కతే. ప్రదర్శనలో మొదటి బహుమతి దానికే ఇచ్చారు. బావగారు మర్యాదగా కెమెరా చెల్లెలి చేతిలో పెట్టాడు.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే ఆవిడ బురదమేటలకి వెళుతుంది. ఈయన పరదాలు ఉతుకుతాడు.

ఆ ఫొటో ఎక్కడ పెట్టాలో కూడా ఆవిడే చెప్పింది. కళ్ళజోళ్ళ షాపులో, కళ్ళు పరీక్ష చేసే కుర్చీకి సరిగ్గా ఎదురుగా. కొత్త అద్దాలు పెట్టుకున్న ప్రతివాళ్ళూ ముందు చూసేది దాన్నే.

"అబ్బ, ఎంత స్పష్టంగా ఉందండీ! ఆ చిన్న కొంగ ఈకలు కూడా లెక్కపెట్టొచ్చు," అన్నారు మొన్న ఒక పెద్దావిడ. కళ్ళజోడు సర్దుకుని ఇంకాస్త ముందుకి వంగారు. "దాని పక్కన వల కప్పుకున్న ఆ పెద్ద పిట్ట ఏమిటి బాబూ?"

ఆయన అద్దాలు తుడిచే గుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"అది నేనేనండీ."