పైకే పోవాల్సిన గీత

వచ్చే విద్యా సంవత్సరానికల్లా రాష్ట్రంలో గ్రాఫు గీయరాని పిల్ల ఒక్కతి కూడా మిగలకూడదని ప్రణాళికా శాఖ మంత్రి ఎల్లేశం గారు గోదావరిఖని చౌరస్తాలో ప్రకటించారు. ఆ మాట నా మైకులోనే అన్నారు. నేను ఇమ్మాన్యుయేల్‌ని, ఖనిలో ఏ పార్టీ సభకైనా మైకు సెట్టు నాదే. ఎందరి ఉపన్యాసాలనో మోశాను గానీ ఇంత ముందుచూపున్న నాయకుణ్ని చూడలేదు. బడికి నీళ్లు, బెంచీలు ఎవరైనా ఇస్తారు. గ్రాఫు ఇవ్వాలని ఎవరికి తోచింది?

పథకం పేరు 'బడిబడికీ డేటా, గోడగోడకూ గ్రాఫు'. పిల్లలే తిరిగి లెక్కలు సేకరించాలి, పిల్లలే గీయాలి, మంత్రి గారు స్వయంగా వచ్చి చూస్తారు. తొలి విడతలోనే మా గుట్టకింది కాలనీ బడికి ఆ అదృష్టం పట్టింది. మా గ్లోరియా అక్కడే ఆరో తరగతి.

ముందుగా పార్టీ కార్యకర్త సదయ్య తనిఖీకి వచ్చాడు. రాజకుమారి టీచర్ నల్లా నీళ్ల గ్రాఫు చూపించింది. ఏ నెలలో ఎన్ని బిందెలు వచ్చాయో పిల్లలు ఇల్లిల్లూ అడిగి గీశారు. గీత మెట్లు దిగినట్టు దిగింది.

"ఇదేంది టీచరమ్మా, గిట్ల దిగుతాంది?"

"నీళ్లు తగ్గినయి గదా సదయ్యన్నా."

"నీళ్లు తగ్గితే తగ్గనియ్యి. గీత ఎందుకు తగ్గాలె? సారు ముందట గీత పైకే పోవాలె."

టీచర్ తలపట్టుకుంది. "మన కాడ పైకి పోయేది ఏమున్నదిరా?" అని పిల్లలనే అడిగింది. మా గ్లోరియా లేచి, "మన గోడ పగులు టీచర్" అంది.

మాట నిజమే. ఊరి పక్క ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగు అయినప్పుడల్లా ఆరో తరగతి గోడ పగులు ఇంకాస్త పైకి పాకుతుంది. పిల్లలు వారం వారం పగులు కొసన సుద్దముక్కతో గుర్తు పెట్టి, పక్కన తేదీ రాశారు. ఆ కొలతలతో చార్టు మీద ముచ్చటైన గ్రాఫు గీశారు. సదయ్య చూసి, "గీత పైకి పోతాంది, పాస్" అన్నాడు. ఆ చార్టు చూశాకైనా మంత్రి గారు గోడ కొత్తగా కట్టిస్తారని టీచర్ ఆశ. నా ఆశ కూడా అదే. ఆ గోడ పక్క బెంచీ మా బిడ్డది. బ్లాస్టింగు వేళకు నేను ఎక్కడున్నా బడి వైపే చూస్తుంటాను.

మంత్రి గారు వచ్చారు. గ్లోరియా చార్టు పట్టుకుని ఎదురుగా నిలబడింది. ఆయన ఆ చార్టును పక్కకు జరిపి, సూటిగా గోడ దగ్గరికి నడిచారు.

"ఎవరు గీసిన్రు దీన్ని?"

"ఎవరు గీయలే సార్. దానంతట అదే వచ్చింది" అంది టీచర్.

"విన్నరా? దానంతట అదే వచ్చిందట. అసలు డేటా అంటే గిది. ఈడ ఒక్కసారే ఎగిరింది, ఎందుకు బిడ్డా?"

"ఆ దినం పెద్ద బ్లాస్టింగు అయింది సార్" అంది గ్లోరియా.

"మీరు మంత్రి అయింది గప్పుడే సార్" అన్నాడు సదయ్య.

మంత్రి గారు పగులుకు పూలదండ వేశారు. మేకు కొట్టే పని పడలేదు, దారం పగుల్లోనే ఇరుక్కుంది.

"సార్, గోడ కూలేటట్టున్నది. కొత్తగ కట్టియ్యాలె" అంది టీచర్.

"గోడ తీస్తే గ్రాఫు పోతది గదమ్మా."

అంతలో బ్లాస్టింగు అయింది. కిటికీలు గలగలలాడాయి, మంత్రి గారి నెత్తిన సున్నం రాలింది, పగులు వెళ్లి పైకప్పుకు తగిలింది. గ్లోరియా అలవాటు కొద్దీ బెంచీ ఎక్కి గుర్తు పెట్టింది.

"నేను రాంగనే పెరిగింది" అని మంత్రి గారు మురిసిపోయారు. మరుక్షణమే దిగులుపడ్డారు. "ఇగ పైన జాగ లేదు. ఇప్పుడెట్ల?"

"ఇగ కూలుడే సార్" అంది టీచర్.

"అభివృద్ధి ఆగొద్దు" అని మంత్రి గారు వెంట వచ్చిన ఇంజనీరును పిలిచి, గీత ఇంకా పైకి పోవడానికి వీలుగా అదే గోడ మీద ఇంకో అంతస్తు మంజూరు చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు మాత్రం లేవలేదు.

మా కాలనీలో నల్లా రిపేరుకే ఏళ్లు పడతాయి. ఆ అంతస్తు మాత్రం వానలు పడకముందే లేచింది. అన్నాళ్లూ టీచర్ పిల్లలను వంట షెడ్డులో కూర్చోబెట్టి, పొగలోనే పాఠం చెప్పింది.

ప్రారంభోత్సవం రోజు మంత్రి గారు మెట్ల కింద రిబ్బను కత్తిరించారు. "పిల్లలూ, పైకెక్కున్రి. ఆడికెల్లి అందరికీ చేతులూపున్రి" అన్నారు. మైకు అక్కడే పడేసి, ఉరికిపోయి గ్లోరియా చేయి పట్టుకున్నాను. అప్పటికే రాజకుమారి టీచర్ మెట్లకు అడ్డంగా నిలబడి ఉంది.

"ముందు మీరెక్కున్రి సార్. మీ ఎనుక మా పిల్లలు ఎక్కుతరు."

మంత్రి గారు గోడను కింది నుంచి పైదాకా చూశారు. తర్వాత ఇంజనీరు వైపు చూశారు. ఇంజనీరు గారు నేల చూశారు.

"సారుకు మోకాలి నొప్పి టీచరమ్మా" అన్నాడు సదయ్య.

ఏ మోకాలో సదయ్య చెప్పలేదు. మంత్రి గారు రెండు కాళ్లతోనూ కుంటుకుంటూ వెళ్లి కారెక్కారు.