పది సెకన్ల రసికులు

కొత్త పాటల బెడద నుంచి మనిషిని కాపాడే సాధనం ఈ లోకంలో ఒక్కటే ఉంది. అది కొత్త పాటలు వినిపించే యాప్!

నవ్వకండి. చాలా బాధ్యతగా చెబుతున్న మాట ఇది. వారం వారం ఈ కాలమ్‌లో నేను రకరకాల విషయాల మీద అభిప్రాయాలు వెలిబుచ్చుతుంటాను. వాటిలో చాలా వాటి గురించి నాకు బొత్తిగా ఏమీ తెలియదు. ఈ ఒక్క విషయం మాత్రం మూడు నెలలు ఒళ్లు హూనం చేసుకుని తెలుసుకున్నాను.

పూర్వం ఏదైనా చిన్న బ్యాండ్ కొత్త పాట రిలీజు చేస్తే దాన్ని కనిపెట్టడం ఎంత కష్టం! చెప్పులు తొడుక్కోవాలి. క్యాసెట్ల దుకాణం దాకా నడవాలి. అక్కడ కౌంటరు వెనకాయన మనల్ని ఎగాదిగా చూసి, "ఇది మీరు వినలేరు లెండి" అనేవాడు. దాంతో పౌరుషం పొడుచుకొచ్చి కొనేసేవాళ్లం. కొన్నాం కాబట్టి వినేవాళ్లం. మొదటిసారి తలనొప్పి వచ్చేది. రెండోసారి విసుగొచ్చేది. నాలుగోసారికి స్నానాల గదిలో అదే పాట కూనిరాగం తీసేవాళ్లం. ఒక్క పాట నచ్చడానికి నాలుగుసార్లు వినాలా? మనిషికి వేరే పనులుండవా?

ఇప్పుడా బాధ లేదు. సోమవారం పొద్దున కళ్లు నులుముకునేసరికి ముప్పై కొత్త పాటలు ఫోన్లో సిద్ధంగా ఉంటాయి. నచ్చకపోతే వేలితో ఒక్క తోపు తోస్తే సరి. పాట కట్టినవాడికి మొహం చూపించనక్కరలేదు, ఎందుకు నచ్చలేదో చెప్పనక్కరలేదు. మొహమాటం అనే జబ్బుకి ఇంతకంటే మంచి మందు ఎవరైనా కనిపెట్టారా?

పైగా మన అభిరుచి దానికి ఎంత బాగా తెలుసో! పోయినేడాది మా అక్క కూతురు మా ఇంటికొచ్చి, చంటివాణ్ణి నిద్రపుచ్చడానికి నా ఫోన్లో వాన చప్పుడు పెట్టింది. ఆ రోజు నుంచి యాప్ నాకు వానలు వినిపిస్తోంది. రేకుల మీద వాన, గొడుగు మీద వాన, అడవిలో వాన, కాసేపట్లో రాబోయే వాన. వానల్లో నేనిప్పుడు పండితుణ్ణి. గ్యారేజ్ రాక్ అని మొదటిసారి టైపు చేసినప్పుడు అది కాస్త ఆలోచించి, క్లచ్ ప్లేటు మార్చడం ఎలా అనే విషయం మీద గంటన్నర ప్రసంగం వినిపించింది. పూర్తిగా విన్నాను. చెప్పినాయన గొంతు బాగుంది.

ఈ వయసులో ఈయనకి గ్యారేజ్ రాక్ ఎందుకని మీరు అనుకోవచ్చు. అంతా మా చెల్లెలి వల్ల వచ్చింది.

మా చెల్లెలు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. రోజంతా జనాన్ని ఊపిరి బిగబట్టమని చెప్పడమే ఆమె ఉద్యోగం. వారానికి రెండు సాయంత్రాలు మాత్రం ఒక అద్దె కారు షెడ్డులో గిటారు పట్టుకుని, ఆ బిగబట్టిందంతా ఒక్కసారి వదిలేస్తుంది. ఆమెకి తోడు డ్రమ్స్ మీద ఒక బస్సు డ్రైవరు, రెండో గిటారు మీద ఒక లెక్కల మాస్టారు, లావు తీగల గిటారు మీద కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు కోసే ఆయన. ఆ షెడ్డు షట్టరు సగానికి మించి లేవదు. ఎంతటివాడైనా వంగి వెళ్లాల్సిందే. తక్కువ సామానుతో, ఎక్కువ చప్పుడుతో, ఎవరి అనుమతీ అడక్కుండా ఇలాంటి చోట కట్టే సంగీతాన్నే గ్యారేజ్ రాక్ అంటారట.

రెండేళ్ల కింద వాళ్లు మొదటి పాట రిలీజు చేశారు. లింకు మా అందరికీ పంపారు. మేం ఊరుకుంటామా? బాబాయి ఆఫీసులో సౌండు పూర్తిగా తగ్గించేసి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దాన్నే తిప్పాడు. పిన్ని కింద కామెంటు పెట్టింది: "తల్లీ, గొంతు జాగ్రత్త, వేణ్ణీళ్లు తాగు." వేలువిడిచిన మేనమామ ఒకాయన పాట వినకుండానే పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాడు. లైకులు కుప్పలుగా పడ్డాయి.

నెల తిరక్కుండా చెల్లెలు వచ్చి మా అందరినీ కూర్చోబెట్టింది.

"బాబాయ్, నువ్వు రోజూ బీపీ తగ్గించే ఆసనాల పాఠాలు వింటావు కదా. నా పాటా విన్నావు. దాంతో ఆ యాప్ ఏమనుకుందో తెలుసా? బీపీ ఉన్నవాళ్లకి ఇలాంటి పాట నచ్చుతుందనుకుంది. వెళ్లి వాళ్లందరికీ వినిపించింది."

"మరి వాళ్లకి తగ్గిందామ్మా?" అన్నాడు బాబాయి ఆశగా.

బీపీ ఉన్నవాళ్లు ఆ పాటని ఏమన్నారో కింద కామెంట్లలో ఉంది. అవి ఇక్కడ రాయదగ్గవి కావు.

అందుకని రెండో పాటకి నలుగురూ కలిసి ఒక నియమం పెట్టుకున్నారు. మూడు నెలల కింద పాట రిలీజు చేసి, ఆ నియమం చెల్లెలు మాకు చదివి వినిపించింది.

"పాట వచ్చింది. పేరు చెప్పం. బ్యాండ్ పేరు కూడా మార్చేశాం. బంధువులకి, స్నేహితులకి లింకు పంపం. మూడు నెలల్లో మాకు తెలియని మనిషి ఒక్కరంటే ఒక్కరు చివరిదాకా వింటే షెడ్డు ఉంచుకుంటాం. లేదంటే తాళం ఇచ్చేసి ఎవరిళ్లకి వాళ్లం."

"తెలియనివాళ్ల మీద నీకంత నమ్మకమేమిటే?" అంది పిన్ని.

"వాళ్లు మొహమాటపడరు పిన్నీ."

ఆ మాట మా గుండెల్లో గుచ్చుకుంది. సొంత మనుషులం మేం ఉండగా పరాయివాళ్లు వినడమా? ఆమె అటు వెళ్లగానే మేం ముప్పై మందిమి ఆమె లేకుండా ఒక కొత్త గ్రూపు పెట్టుకున్నాం. పత్రికల్లో రాసేవాణ్ణి కాబట్టి కార్యదర్శి పదవి నాకిచ్చారు. వెంటనే నేను ఆ నియమంలో ఒక కంత కనిపెట్టాను. వెతుక్కుని వెళ్లకూడదు, నిజమే. కానీ యాప్ తనంతట తాను తెచ్చి మన ముందు పెడితే? అది మన తప్పు కాదు కదా! మనం గ్యారేజ్ రాక్ తప్ప ఇంకేదీ ముట్టని మనుషులమని యాప్‌ని నమ్మించాలి. అప్పుడది ఎక్కడెక్కడి కొత్త పాటలూ మోసుకొస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు మా పిల్ల పాట కూడా అందులో ఉండకపోదు.

యుద్ధం మొదలైంది. ఒక్కొక్కరికి రోజుకి నూరు కొత్త పాటలు. బాబాయి ఆసనాలు మానేశాడు. ఆయన బీపీ పెరిగింది. ఆసనాలు మానడం వల్లా, పాటలు వినడం వల్లా అనేది డాక్టరు తేల్చలేకపోయాడు. పిన్నికి నెల తిరిగేసరికి ఎంత పట్టు దొరికిందంటే, కూరగాయల కొట్టు ముందు నిలబడి ఎదురింటావిడతో, "ఈ కుర్రాళ్ల డ్రమ్ములు బాగానే ఉన్నాయి గానీ గదిలో గోడకి ఒక పరుపు ఆనించుకుంటే బాగుండేది, గోల తిరిగొస్తోంది" అంటుంటే నేను స్వయంగా విన్నాను. తాతయ్యకి ఒక ఫోను కొనిచ్చాం. ఆయన ఎక్కడ నొక్కినా టార్చిలైటే వెలిగింది. అలా ఆయన ఒక్కడూ మినహా మిగిలిన ఇరవై తొమ్మిది మందిమి రంగంలోకి దిగాం.

ఇంత పని జరగాలంటే పద్ధతి ఉండాలి. ఆ పద్ధతి నేనే పెట్టాను. పాటకి పది సెకన్లు. ఆ లోపల మా పిల్ల గొంతు వినబడలేదా, తోసెయ్యడమే. పదకొండో సెకను వృథా. ఈ నియమానికి గ్రూపులో ఎన్ని దండాలు, ఎన్ని చప్పట్లు పడ్డాయో! నేనూ కాస్త గర్వపడ్డాను.

లెక్కల మాస్టారి అవసరం లేకుండా నేనే లెక్కేశాను. మూడు నెలల్లో మా కుటుంబం రెండున్నర లక్షల పాటలు విన్నది. ఇంత సంగీత సేవ చేసిన వంశం ఇంకోటి ఉంటే చూపించండి! ఆ పాటల్లో ఒక్కటి కూడా ఎలా ముగుస్తుందో మాలో ఎవరికీ తెలియదు, అది వేరే సంగతి.

మా పిల్ల పాట మాత్రం దొరకలేదు. గడువు అయిపోయింది.

పోయిన ఆదివారం సామాను మోయడానికి సాయం కావాలంటే షెడ్డుకి వెళ్లాను. మా ఇంటి నుంచి పన్నెండు నిమిషాల నడక. మూడేళ్లుగా వాళ్లక్కడ పాడుతున్నా నేను వెళ్లడం అదే మొదటిసారి. ఏం చెయ్యను, మొదట్లో తీరిక లేదు, ఈ మూడు నెలలూ యాప్‌తోనే సరిపోయింది. వంగి లోపలికి వెళ్లాను. బస్సు డ్రైవరు డ్రమ్స్ మరలు విప్పుతున్నాడు. అద్దాలు కోసే ఆయన వైర్లు చుట్ట చుడుతున్నాడు. చెల్లెలు ఒక స్పీకరు మీద కూర్చుని ఉంది.

"ఎవరూ వినలేదా?" అన్నాను.

"వినకేం అన్నయ్యా. ఇరవై తొమ్మిది మంది విన్నారు."

"మరింకేం?"

"చివరిదాకా ఒక్కరూ ఉండలేదు." ఫోను నా చేతికిచ్చింది. "చూడు, సరిగ్గా పదో సెకనుకి లేచిపోయారు. బడి గంట కొట్టినట్టు, అందరూ అప్పుడే. పైగా అందరూ మన ఊరివాళ్లేనట."

"పాట ఎలా మొదలవుతుంది?" అని మెల్లగా అడిగాను.

"ఈ షట్టరు ఎత్తే చప్పుడుతో. తర్వాత డ్రైవర్ గారి డ్రమ్స్. నా గొంతు నలభయ్యో సెకనుకి గానీ రాదు. ముందు కాసేపు బిగబట్టాలి కదా." ఫోను నా దగ్గర్నుంచి తీసుకుని అంది: "పోనీలే. తెలియనివాళ్లు కాబట్టి నిజం చెప్పారు. మీరైతే చెప్పేవాళ్లు కాదు."

ఇనుము ఇనుముని రాసుకునే ఆ చప్పుడు నేను విన్నాను. ఒక మంగళవారం పొద్దున పళ్లు తోముకుంటూ విన్నాను. తలుపు తియ్యడం కూడా చేతకాని వాళ్లకి పాటలెందుకు అనుకుని తోసేశాను.

"ఒకసారి వినిపించకూడదూ?" అన్నాను.

"నీకు వినిపించి ఏం లాభం అన్నయ్యా. బాగుందంటావు."

"బాగుంటుందిలే" అన్నాను అలవాటు చొప్పున. ఆమె నవ్వింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. పెద్ద డ్రమ్ము ఎత్తుకుని బస్సు డ్రైవరు వెనకాలే నడిచాను.

ఇంటికొచ్చి ఫోన్లో వెనక్కి వెళ్లి చూస్తే, చెల్లెలి ఫోన్లో కనిపించిన పేరుతో పాట అక్కడే ఉంది. పాపం యాప్ తన పని తాను చేసింది. ఇరవై తొమ్మిది ఫోన్లకీ నమ్మకంగా తెచ్చి పెట్టింది. నొక్కబోయి ఆగిపోయాను. ఇప్పుడు నేను చివరిదాకా వింటే, తెలియని మనిషి ఎవరో విన్నారని మా చెల్లెలు సంబరపడుతుంది. షెడ్డు నిలుస్తుంది. ఒక అబద్ధం మీద నిలుస్తుంది. రెండున్నర లక్షల పాటలు విన్న వంశానికి ఆ ఒక్క పాట వినే హక్కు లేకుండా పోయింది. ఇదుగో, ఇప్పటికీ వినలేదు.

కాబట్టి యాప్ వరప్రసాదమే అని మళ్లీ మనవి చేస్తున్నాను. ఇరవై తొమ్మిది మందికి ఒకేసారి నచ్చని పాటని అది ఇంకెవరి దగ్గరికీ తీసుకెళ్లదు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టదు. ఆ పాట మీకు కావాలంటే మీరే పనిగట్టుకుని వెతకాలి. పేరు నేనిక్కడ రాయను, రాస్తే లింకు పంపినట్టే. కానీ మీరు మాకు చుట్టాలు కారు, పక్కాలు కారు. మా వంశంలో ఎవరికీ లేని అర్హత అది. కొత్త పాటల్లో ఎక్కడైనా షట్టరు లేస్తున్న చప్పుడు వినబడితే పదో సెకను దగ్గర వేలు ఆపండి. మొత్తం మూడు నిమిషాల పాట. నచ్చకపోతే అంతా విన్నాక తిట్టండి. మొహమాటపడకండి, ఆమెకి కావలసింది అదే.

చెల్లీ, శుక్రవారం పేపరు నువ్వు చూస్తావని నాకు తెలుసు. ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. ఆ ఇరవై తొమ్మిది మంది మేమే. పది సెకన్ల నియమం నాది. నీ పాట గురించి తెలియనివాళ్లు ఇంతవరకూ ఒక్క ముక్క అనలేదు. ఎల్లుండి షెడ్డు తాళం ఇవ్వకు.