నల్లబండెక్కిన నక్క

ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండలే కాసే ఒక పెద్ద అడవిలో నీళ్లున్న మడుగు ఒక్కటే ఉండేది. ఆ మడుగు దేవుడిదని పాతకాలపు తాబేళ్లు అనేవి. కాదు, రాయుడిదని బతకదలచుకున్నవాళ్లు అనేవాళ్లు.

రాయుడు దుమ్ములగొండి. మడుగు ఒడ్డున నల్లబండ మీద కూర్చునేవాడు. నీళ్లకొచ్చిన ప్రతి జీవీ తనకు దొరికినదాంట్లో కొంత ఆ బండ కింద పెట్టి పోవాలి. దానికి 'కాపలా కానుక' అని పేరు.

కొత్తగా వచ్చిన కుందేలొకటి, "ఎవరి నుంచి కాపలా స్వామీ?" అని అడిగింది.

"మా నుంచే," అన్నాడు రాయుడు. ఉన్నమాట దాచకుండా చెప్తాడని ఆయనకు అడవంతా మంచి పేరు.

రాయుడికి కుడివైపు ముళ్లపంది బసవయ్య కూర్చునేవాడు. మాట తక్కువ, ముల్లు ఎక్కువ. ఎడమవైపు నక్క సింగన్న. వాళ్లమ్మ ముద్దుకొద్దీ పెట్టుకున్న పేరది. నక్కకి సింహం పేరు పెడితే ఏమవుతుందో ఆ తల్లి ఆలోచించలేదు.

సింగన్న పిల్లగా ఉన్నప్పుడు వేటగాళ్ల ఉచ్చులో కాలు ఇరుక్కుంటే, రాయుడే ఆ తీగె కొరికి తెచ్చుకున్నాడు. తన నోటి ముద్ద పెట్టి పెంచాడు. పదేళ్లుగా మడుగు వ్యవహారమంతా నడిపేది సింగన్నే. ఎవరిని బుజ్జగించాలో, ఎవరిని బెదిరించాలో, ఎవరిని కొండ మీంచి జారిపడేలా చూడాలో వాడికే తెలుసు. కానీ పదిమంది ఎదుట రాయుడు, "మా సింగడు చూసుకుంటాడులే," అనేవాడు. ఆ 'డు' సింగన్న గుండెలో ముల్లులా గుచ్చుకునేది.

పైగా ఎండాకాలం విందులో రాయుడు మంచి మాంసం బసవయ్య వైపు తోసి, సింగన్నకు డెక్కలు మిగిల్చాడు. ముళ్లపందులు మాంసం తినవు. బసవయ్య పక్కన పెట్టేశాడు. వాడు తినకపోయినా వాడికే మర్యాదా! సింగన్న డెక్క నములుతూ ఒక నిర్ణయానికొచ్చాడు.

మర్నాడు ఎండిపోయిన ఏరు దాటి రేచుకుక్కల దగ్గరికి వెళ్లాడు. ఆ మంద నాయకురాలు రుద్రమ్మ. ఆమెకు మడుగు మీద మూడు తరాల ఆశ.

"నల్లబండ మీద నన్ను కూర్చోబెట్టు. పడమటి ఒడ్డు నువ్వు తీసుకో," అన్నాడు సింగన్న.

"రాయుణ్ణి చంపాక మడుగంతా నేనే తీసుకుంటా కదా. మధ్యలో నువ్వెందుకయ్యా?"

"ఆయన ఏ వేళప్పుడు కునుకు తీస్తాడో, ఎటునుంచి వస్తే గాలికి వాసన తగలదో నీకు తెలుసా?"

రుద్రమ్మ నవ్వి, "తెలివైనవాడివే. మరి ఆ ముళ్లవాడో?" అంది.

"వాడి సంగతి నాకొదిలెయ్. నీ ఒంటిబొచ్చు ఓ గుప్పెడు ఇప్పించు."

ఆ ఎర్రబొచ్చు తెచ్చి బసవయ్య బొరియలో ఆకుల కింద దూర్చాడు. తర్వాత రాయుడి దగ్గరికెళ్లి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "చెప్పకూడదనే అనుకున్నానన్నా. మన బసవయ్య రేచుకుక్కలతో కలిసిపోయాడు. నా మాట నమ్మొద్దు, నువ్వే వెళ్లి చూసుకో."

రాయుడు బొరియ తవ్వించాడు. ఎర్రబొచ్చు బయటపడింది.

బసవయ్య అటూ ఇటూ చూశాడు. ఆ బొచ్చు ఎవరిదో వాడికి అర్థం కాలేదు కానీ, అక్కడ పెట్టింది ఎవరో అర్థమైంది. "అన్నా, నేను మాటకారిని కాను..." అని మొదలుపెట్టాడు. వాడి బతుకులో అదే పెద్ద ప్రసంగం. అది ముగిసేలోపే రాయుడు మీద పడ్డాడు.

ముళ్లపందిని కరిచినవాడికి గెలుపు మిగలదు. బసవయ్య చచ్చాడు. రాయుడి దవడల నిండా, నాలుక నిండా ముళ్లు దిగాయి.

ఆ సాయంత్రం సింగన్న పళ్లతో ఒక్కో ముల్లూ పట్టి లాగుతూ కూర్చున్నాడు. రాయుడు నొప్పికి మూలుగుతూనే మాట్లాడాడు.

"ఒరే సింగా, బసవడికి విందులో మంచి ముక్క ఎందుకిచ్చానో తెలుసా? వాడు తినడని తెలిసే ఇచ్చాను. పక్కనోడిది చూసి నీకు ఆశ పుడుతుందా లేదా అని చూద్దామని. ఆశ లేనివాడు బండ మీద కూర్చోలేడురా. నీ మొహం చూశాను. సరైనవాడివే అనుకున్నాను. వచ్చే పున్నమి సభలో నా తర్వాత సింగన్నే అని చెప్తాను."

సింగన్న నోట్లో ముల్లు అలాగే ఆగిపోయింది. రాయుడు మొదటిసారి 'సింగన్న' అన్నాడు.

ఇప్పుడే ఏరు దాటి, అంతా ఆపెయ్ అని రుద్రమ్మతో చెప్పొచ్చు. కాళ్లు రెండడుగులు వేశాయి కూడా. అంతలో బుర్ర అడ్డం తగిలింది. పున్నమికింకా పన్నెండు రోజులుంది. ఆలోగా ముసలాడు మాట మారిస్తే? బసవయ్యను నమ్మినవాడే కదా బసవయ్యను చంపింది? నిన్నటి దోస్తునే ఇలా కొరికేసినవాణ్ణి ఎలా నమ్మడం?

తన ద్రోహానికి రాయుణ్ణే పూచీ పెట్టి, సింగన్న హాయిగా వెనక్కొచ్చి పడుకున్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం రేచుకుక్కలు గాలికి ఎదురుగా వచ్చాయి. రాయుడు బండ మీద కునుకు తీస్తున్నాడు. ఎదుట సింగన్న ఒక్కడే ఉన్నాడు. మొదటి కుక్క దూకేసరికి రాయుడు లేచి, కరవలేని ఆ దవడలతోనే సింగన్నకు అడ్డం నిలబడ్డాడు.

"పరిగెత్తరా సింగా!" అని అరిచాడు. "నేను చూసుకుంటాలే, నువ్వు పో!"

సింగన్న పరిగెత్తలేదు. తలతిప్పి చెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. వెనక చప్పుడు చాలాసేపు వినిపించింది.

అడవి అధికారి ఎలుగుబంటి భద్రయ్య విచారణకొచ్చాడు. ముందుగా ఓ తేనెపట్టు పుచ్చుకుని, తర్వాత శవాన్ని పరిశీలించి నివేదిక చదివాడు: "చావుకు కారణం వడదెబ్బ. ఒంటిమీద కనబడుతున్న గాట్లు మృతుడికి పుట్టుకతో వచ్చిన చారలు."

సింగన్న నల్లబండెక్కాడు. రాయుడి మందలోని దుమ్ములగొండ్లన్నీ వంగి దండం పెట్టాయి. ఏరు దాటి పడమటి ఒడ్డున రుద్రమ్మ మకాం పెట్టింది. మూడు రోజులు ఆ బండంత మెత్తటి పరుపు లోకంలో లేదనిపించింది.

నాలుగో రోజు మానుపిల్లి పున్నయ్య కాళ్లు నొక్కడానికొచ్చాడు. సుఖంగానే ఉంది. అంతలో సింగన్నకు తాను రాయుడి కాళ్లు నొక్కిన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు తన మనసులో ఏముండేదో కూడా గుర్తొచ్చింది.

"ఏం ఆలోచిస్తున్నావురా?"

"ఏం లేదన్నా."

"నేనూ అదే చెప్పేవాణ్ణి," అని పున్నయ్యను అడవి పొలిమేర దాకా తరిమించాడు.

అక్కణ్ణుంచి వాడికి లోకమంతా సింగన్నలే కనబడ్డారు. ఎదురు మాట్లాడినవాడికి పొగరు. మాట్లాడనివాడికి కుట్ర. కన్నీళ్లు పెట్టుకుని విశ్వాసం చాటుకున్న ముసలి దుమ్ములగొండిని మిగిలినవాళ్లందరికంటే ముందు తరిమేశాడు, ఆ విద్య తనకు బాగా తెలుసు కనక. ఇద్దరు మాట్లాడుకుంటుంటే విడదీశాడు. ఒంటరిగా ఉన్నవాణ్ణి ఎవరికోసం ఎదురుచూస్తున్నావని తన్నించాడు. తన్నిన వాణ్ణి, ఇంత బలం దేనికి దాచుకున్నావని వెళ్లగొట్టాడు.

పున్నమి నాటికి నల్లబండ మీద సింగన్న మిగిలాడు. చుట్టూ ఎవరూ లేరు. అబ్బ, ఇప్పటికి నిశ్చింత అనుకున్నాడు.

పొద్దెక్కాక రుద్రమ్మ తీరిగ్గా నడుచుకుంటూ వచ్చింది. గాలి ఎటు వీస్తోందో కూడా చూసుకోలేదు. వెనకాల మంద ఆవలిస్తూ వచ్చింది.

సింగన్న లేచి నిలబడ్డాడు. "మన ఒప్పందం, అక్కా?"

"బాగుందయ్యా ఒప్పందం. నిన్ను పట్టిచ్చేవాడు ఒక్కడైనా దొరుకుతాడని పది రోజులుగా వెతుకుతున్నా. ఎవడికి ఆశ చూపించాలన్నా వాణ్ణి నువ్వు అప్పటికే వెళ్లగొట్టి ఉంటివి. విసుగొచ్చి నేరుగా వచ్చేశాను."

"అయితే... నాకు ద్రోహం చేసినవాడు ఎవడూ లేడా?"

"ఒక్కడూ లేడు."

ఆ మాట వినగానే సింగన్న మొహంలో విచిత్రమైన సంతోషం కనిపించింది. పున్నయ్య మంచివాడే. ముసలి దుమ్ములగొండీ మంచిదే. బసవయ్య సరే సరి. పిలుద్దామని నోరు తెరిచాడు. ఏ పేరు పిలవాలో తేల్చుకునేలోపే కుక్కలు బండెక్కాయి.

పెద్దలు తేల్చిన నీతి: వెన్నుపోటు పొడవదలచినవాడు తన వెన్ను కాయడానికి ఒక్క మంచివాణ్ణయినా ముందుగా దాచిపెట్టుకోవాలి.