గట్టయ్య ఆఖరి ఫొటో

తెల్లారితే క్వార్టరు తాళాలు కంపెనీకి అప్పజెప్పాలి. అందుకే రెండువేల ఏడులో ఆ ఆదివారం పొద్దున గట్టయ్య పెట్టుకున్న పని ఒక్కటే. ఇల్లు ఖాళీ చేసేముందు, ఆ గుమ్మం ముందు సారవ్వతో కలిసి ఒక ఫొటో దిగడం.

గోదావరిఖని బొగ్గుబాయిలో షాట్‌ఫైరరుగా చేసి, ఆయన పోయిన నెలే రిటైరయ్యాడు. బొగ్గుకు మందు పెట్టి పేల్చడం డ్యూటీ అయితే, ఫొటోలు తీయడం పిచ్చి. బదిలీ మీద పోతున్న ఒక ఇంజనీరు దగ్గర ఎప్పుడో కొన్న రీలు కెమెరా ఆయనకు ప్రాణం. ఆ తోలు సంచి వాసన, బొటనవేలితో మీట లాగితే రీలు జరిగే చప్పుడు, బటన్ నొక్కగానే లోపల అద్దం లేచి పడే ఆ 'ఠక్'... వీటి ముందు కొత్తగా వచ్చిన సెల్‌ఫోన్లు ఆయన కంటికి ఆనేవి కావు. ఆ క్వార్టర్ల లైనులో పుట్టిన ప్రతి పిల్లకూ ఆయన తీసిన ఫొటో ఉంది. ఆలుమగలు కలిసి దిగింది మాత్రం ఒక్కటీ లేదు. పెళ్లినాడు ఫొటో తీసేవాడు రాలేదు. ఆ తర్వాత తీసేవాడు ఎప్పుడూ కెమెరా వెనకాలే ఉన్నాడు.

"ఊరందర్ని దింపినవ్. నా పక్కన నిలబడెతందుకు నీకు తీరలే," అని సారవ్వ ఏళ్లుగా దెప్పుతూనే ఉంది. అది నిజమే.

రీళ్లు దొరకడం మానేసిన రోజులవి. స్టూడియో అలీముద్దీన్ బతిమాలించుకుని ఇచ్చిన చివరి రీల్లో కూడా ఇక ఒక్క ఫొటోకే చోటుంది.

"జల్ది రా!" గట్టయ్య ఇంట్లోకి కేకేశాడు. "ఒక్కటే ఉన్నది. ఇదే ఆఖరి ఫొటో. ఇగ అయిపోయినట్టే!"

గోడవతల బట్టలారేస్తున్న ఐలవ్వ చెవిన ఈ ముక్క పడింది. నిన్నగాక మొన్నే ఆమె గట్టయ్యను దవాఖాన ముందు చూసింది. ఆయన వెళ్లింది కళ్లద్దాల కోసమని ఆమెకేం తెలుసు? నైట్ షిఫ్టు దిగి అప్పుడే వస్తున్న మొగుడు పోశానికి ఎదురు పరుగెత్తింది.

"గట్టయ్య బావకు ఆఖరి ఫొటో తీస్తున్నరు! ఇగ అయిపోయినట్టేనట!"

పోశం వచ్చిన సైకిలు వచ్చినట్టే వెనక్కి తిప్పాడు. చౌరస్తా చాయ్ హోటల్లో ఆ మాట నోళ్లు మారేసరికి 'అయిపోయినట్టే' కాస్తా 'అయిపోయింది' అయి కూర్చుంది.

ఇక్కడ గట్టయ్య కెమెరాను నీళ్ల డ్రమ్ము మీద నిలబెట్టి, అందులోంచి చూస్తున్నాడు. నడుమనున్న గుండ్రంలో సారవ్వ ముక్కుపుడక రెండు ముక్కలుగా కనిపిస్తోంది. మెల్లగా లెన్సు తిప్పాడు. రెండు ముక్కలూ ఒక్కటయ్యాయి. పట్టుచీర కట్టుకుని కుర్చీలో కూర్చున్న ఆమెను అట్లాగే చూస్తుండిపోయాడు. ఈ మాత్రానికి ఇన్నేళ్లు ఎందుకు తీరలేదో తనకే అర్థం కాలేదు.

"నువ్వు కదలకు. ఏమైన గాని కదలకు. కదిలితె ఖరాబైతది."

"నేనేడికి పోత? నువ్వు రా ముందు."

అంతలో వీధి మొదట్లో ఏడుపులు లేచాయి. ముందు పోశం, చేతిలో లావుపాటి బంతిపూల దండ. వెనక ఐలవ్వ, బాయి దోస్తులు, వాళ్ల ఆడవాళ్లు.

"అన్నా! గిట్ల జేసి పోతివా!" అంటూ గేటు తోసుకొచ్చిన పోశం, డ్రమ్ము పక్కన నిలబడి ఉన్న శవాన్ని చూసి నోరు తెరిచాడు.

"నేనెటు వోయిన్‌రా? రేపు గద పెద్దపల్లి ఇంటికి పోయేది!" అన్నాడు గట్టయ్య.

దండ పోశం వీపు వెనక్కి పోయింది. "గదే అన్నా... సాగనంపుదామని అచ్చినం."

వచ్చినవాళ్లు ఊరికే పోతారా? ఫొటో అనగానే కళ్లు తుడుచుకుని సారవ్వ చుట్టూ సర్దుకున్నారు. తన కోసం ఏడ్చినవాళ్లను పొమ్మనడానికి గట్టయ్యకు నోరు రాలేదు. సారవ్వ ముఖం చిన్నబోయింది.

"ఇద్దరమే అంటివి," అంది నెమ్మదిగా.

ఆయన కెమెరా ముందున్న చిన్న మీటను కిందికి తిప్పి బటన్ నొక్కాడు. తీసేవాడు కూడా పోయి వరుసలో నిలబడే దాకా ఆగి, తనంతట తానే ఫొటో తీసే మీట అది. జిర్రుమంటూ కదిలింది. గట్టయ్య పరుగందుకున్నాడు. బాయిలో మందు పెట్టి ఉద్యోగమంతా ఇట్లాగే పరుగెత్తిన మనిషి. పాత అలవాటుకొద్దీ గొంతు దానంతటదే లేచింది.

"షాట్! షాట్! షాట్!"

పేలుడుకు ముందు వేసే ఆ కేక విని బాయిలో ఎవడూ నిలబడడు. దోస్తులూ నిలబడలేదు. ఒకడు గోడ దూకాడు. ఇద్దరు మూటగట్టిన సామాన్ల వెనక నక్కారు. మొగుళ్లను చూసి ఆడవాళ్లు లగెత్తారు. పోశం దండ విసిరేసి బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నాడు. ఎన్నడూ బాయిలో దిగని సారవ్వ ఒక్కతే, చెప్పినట్టే, కదల్లేదు. ఒళ్లో పడ్డ దండను రెండు చేతులా పైకెత్తింది. ఎవరో వదిలేసిన చెప్పు కాలికి తగిలి గట్టయ్య ఆమె ముందుకు తూలి తల వంచాడు.

ఠక్.

రీలు కడిగి, ఫొటో చేతికిస్తూ అలీముద్దీన్ నవ్వాడు. "ముబారక్ కాక! ఈ ఉమర్ల మళ్ల శాదీనా?"

గట్టయ్య చూశాడు. తమ గుమ్మం ఉంది. చుట్టూ ఒక్క మనిషి లేడు. సారవ్వ దండ వేయబోతోంది, తాను తల వంచి ఉన్నాడు. కొత్త కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మళ్ల పెండ్లి గాదు బిడ్డా, మొదటిదే," అంది వెంట వచ్చిన సారవ్వ ఫొటో లాక్కుంటూ. "ఫొటోలాయిన లేటొచ్చిండు."

ఇప్పుడా ఫొటో పెద్దపల్లి ఇంట్లో నడిగోడకు ఉంది. చూసినవాళ్లంతా దండ బాగుందంటారు. అది ఎందుకు కొన్నాడో పోశం ఇంతవరకు చెప్పలేదు.