గడ్డి ఎందుకు, కొవ్వు పొడి ఉండగా

ఆవుకు గడ్డి వెయ్యడం అనాగరికం. ఈ మాట నేనంటే జావా దీవిలో మా బోయొలాలి ఆడవాళ్లంతా నవ్వుతారు. నవ్వనివ్వండి. పెళ్లయిన మర్నాటి నుంచి మొగుడు పోయేదాకా, పోయాక కూడా, మెరాపి కొండ వాలు మీద గడ్డిమోపు మోసిన నెత్తి నాది. ఆ నెత్తితో ఆలోచించే చెబుతున్నాను. ఆవుకు కావలసింది కొవ్వు పొడి!

కొవ్వు పొడి అంటే ఏమిటంటారా? పామాయిల్ కొవ్వును సున్నంతో గట్టిపరిచి, పొడి చేసి, బస్తాకెత్తుతారు. దాణాలో గుప్పెడు కలిపితే అది ఆవు మొదటి పొట్టలో కరగకుండా దొంగలా జారిపోయి, ఆ తర్వాత ఒంటికి పడుతుందట. పాలల్లో వెన్న పెరుగుతుందట. సున్నం కలిపిన కొవ్వును మామూలు మనుషులు సబ్బు అంటారు కదా అని మీరు అడగకూడదు. మా మెలాతి కూడా అడగలేదు. ఒకసారి వాసన చూసింది. ఉప్పెక్కువైన చారు పోసినప్పుడు మా ఆయన చూసినట్టు నావైపు చూసి, ముఖం తిప్పుకుంది.

మెలాతి నా ఒక్కగానొక్క ఆవు. పాలకేంద్రంలో మీటరు పెట్టి వెన్న చూస్తారు. గీత దాటితే క్యాను లోపలికి, దాటకపోతే తిరిగి మన చేతికి. నాకు ఈమధ్య చేతికే వస్తోంది. ఇంకొక్కసారి వస్తే ఇక నా పాలు పోయించుకోరు. పాలు అమ్ముడుపోని ఆవును మేపే తాహతు నాకు లేదు. సంత, ఆ తర్వాత కత్తి. అందుకే నేను పొడి భక్తురాలినయ్యాను. భక్తి ఎక్కడైనా భయంతోనే కదా మొదలయ్యేది?

ఈ పొడిని మాకు ప్రసాదించినవారు పాలకేంద్రం అధ్యక్షులు హర్యోనోగారు. గడ్డి పెరిగే వాలును ఇసుక తవ్వకానికి ఇప్పించింది కూడా ఆయనే. ఎంత ముందుచూపో చూడండి. మరొకరైతే గడ్డి లేకుండా చేసి ఊరుకునేవారు. ఈయన పొడి కూడా అమ్మారు.

"అవ్వా, ఇక కొండెక్కే బాధ తప్పింది నీకు," అన్నారాయన, బస్తా నా గుమ్మంలో దింపించి.

"నా మోకాళ్ల సంగతి సరే బాబూ. నెమరు వెయ్యాలంటే ఆవు ముందు ఏదో ఒకటి నమలాలి కదా?"

"నమలడం టైం వేస్టు అవ్వా."

నిజమే. పళ్లు ఊడుతున్నకొద్దీ నాకూ ఆ సంగతి బోధపడుతోంది.

పక్కింటి వాగియెమ్ మాత్రం బస్తా కొనలేదు. అరటిపండు బజ్జీలు వేసి అమ్ముతుంది కదా, కాగిన నూనె మిగులుతుంది. మిగిలిన నూనె పారబొయ్యడం మా ఊళ్లో పాపం. "కొవ్వంటే కొవ్వే అక్కా. బస్తాలో ఉంటే గొప్పా, మూకుట్లో ఉంటే తక్కువా?" అని గరిటెలతో తవుడులో పోసింది. ఆవుకు పారుడు పట్టుకుంది. నెమరు మానేసింది. వెన్న పెరగకపోగా ఉన్నది కూడా పోయింది. పాలలో నీళ్లు కలిపావా అని మీటరు దగ్గర అడిగితే, "నీళ్లెందుకు కలుపుతానయ్యా, ఆవుకి బజ్జీ నూనె పట్టిస్తుంటే?" అంది. చూశారా, కొవ్వు కూడా చదువుకున్న కొవ్వయి ఉండాలి.

ఇంతలో ఆవుల పండుగ వచ్చింది. రంజాన్ ఉపవాసాల పండుగ వెళ్లిన వారానికి ఆవులను కడిగి, కెతుపత్‌లు, అంటే కొబ్బరాకు బుట్టల్లో ఉడికిన అన్నం ముద్దలు, దండలుగా వేసి వీధిలో తిప్పుతాం. ఆ రోజు పశుపక్షులను ఏలిన ప్రవక్త సులైమాన్ నబీ తన పశువులను చూసుకోవడానికి వస్తాడని మా నమ్మకం. ఈసారి ఆయనకంటే ముందు హర్యోనోగారు వచ్చారు, ఫోటోగ్రాఫరుతో సహా. ఒక కెతుపత్ కోసి, పొడి అద్ది, మెలాతి నోటికి అందించారు. మెలాతి ఆకు బుట్టను ఓపికగా ఒలుచుకు తిని, అన్నం ముద్దను ఆయన బూటు మీద వదిలింది.

"దీనికి రుచి తెలీదు," అన్నారాయన కాలు విదిలిస్తూ.

"తెలీకేం బాబూ. పండు తిని తొక్క పారేసింది," అంది వాగియెమ్.

ఆ సాయంత్రం నేను ఇంటింటికీ తిరిగి, జనం అన్నం తిని పారేసిన ఆకు బుట్టలన్నీ పోగేసుకొచ్చాను. మెలాతి తింది. మర్నాడూ తింది, ఆ మర్నాడూ తింది. కాళ్లు ముడుచుకుని, కళ్లు మూసుకుని, తీరిగ్గా నెమరు వేసింది. ఆ వారంలోనే మీటరు గీత దాటింది. క్యాను లోపలికి వెళ్లింది.

వెంటనే పాలకేంద్రం గోడ మీద మెలాతి ఫోటో వెలిసింది, కింద "కొవ్వు పొడి మహిమ" అని. మూతి నుంచి ఆకు ముక్క వేలాడుతుంటే దాని మీద బస్తా బొమ్మ అతికించారు. నన్నూ నాలుగు మంచి మాటలు రాసిమ్మన్నారు. ఇవే ఆ మాటలు. పొడి ఎంత పొదుపైన సరుకంటే, పండుగ ముందు బస్తాలో ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది.

పొడి చెడ్డదని నేననను. చారులో తాలింపు చెడ్డదా? కాకపోతే చారు కూడా ఉండాలి.

ఆకులు నిన్నటితో అయిపోయాయి. మెలాతి తొట్టి అంచు నాకుతోంది. రేపు మళ్లీ మీటరు ఉంది. సులైమాన్ నబీ వచ్చే ఏడాది దాకా రాడు. అందాకా ఎవరైనా హర్యోనోగారికి చెప్పండి, ఆ పొడిని ఇసుక లారీల ట్యాంకుల్లో పొయ్యమని. కొవ్వంటే కొవ్వే కదా. అవి కూడా నెమరు మానేస్తే, వాలు మీద కాస్త గడ్డి మొలుస్తుంది.