నవ్వితే ఒప్పుకున్నట్టే

కస్టమరే దేవుడని కనిపెట్టినవాడు మహానుభావుడు. దేవుడు గనుక లోపల పెట్టి తాళం వేయవచ్చని కనిపెట్టింది మాత్రం సుల్తానాబాద్‌లోని శుభలాభ్ సూపర్ మార్కెట్.

మగ్దలేనమ్మ బడిలో ఆయమ్మ. ఊళ్లో తల్లులు పసిపిల్లలను ఆమె చేతికిచ్చి నిశ్చింతగా పనులకు పోతారు. ఆమెకున్న ఆస్తంతా ఆ నమ్మకమే. ఆ రోజు కందిపప్పు కొని వస్తుంటే గేటు దగ్గర సంచి వెతికారు. తలనొప్పి బామ్ సీసా దొరికింది. సగం ఖాళీ, మిగిలిన సగంలో ఆమె వేలిగుంట. (దొంగిలించగానే సగం పూసుకునేంత తలనొప్పి ఉండవచ్చని యాజమాన్యం అభిప్రాయపడింది.) గోదాములో బియ్యం బస్తాల మధ్య కూర్చోబెట్టి బయట గొళ్లెం పెట్టారు. ఫొటో తీసి "దొంగలున్నారు జాగ్రత్త" అని అద్దాల తలుపుకు అంటించారు. ఆ రకం బామ్ తమ దుకాణంలో అమ్మనే అమ్మరని సాయంత్రానికి తేలింది. ఆమెను వదిలేశారు, ఫొటోను తలుపు మీదే వదిలేశారు.

మర్నాడు బడి దగ్గర ఇద్దరు తల్లులు పిల్లలను ఆమెకివ్వకుండా తామే లోపలికి తీసుకుపోయారు. మగ్దలేనమ్మ కడుపు మండి నేరుగా మార్కెట్ మేనేజరు శ్రీహరి దగ్గరికి పోయింది.

శ్రీహరి కరీంనగర్‌లో వ్యాపార చట్టం మీద శిక్షణ పొందినవాడు. తప్పు చేయకుండా ఉండడమెలాగో అక్కడ చెప్పలేదు గానీ, చేశాక ఏమనాలో బాగా నేర్పారు. మనిషిని బంధించడం తప్పేనని ఒప్పుకున్నాడు. అయితే ఆమె సమ్మతి ఉందన్నాడు. "మీరు కెమెరాలో ఉన్నారు, నవ్వండి" అన్న బోర్డు చూసి ఆమె నవ్విన వీడియో చూపించాడు. గొళ్లెం పెట్టింది జనం కొట్టకుండా, ఆమె రక్షణ కోసమేనన్నాడు. బామ్ సీసాను సాక్ష్యంగా భద్రపరిచారట. (మేనేజరుగారి నుదురు మాత్రం ఘాటుగా వాసన వేస్తోంది.)

"సారూ, గవన్ని నాకు తెల్వయి. నా ఇజ్జత్ నాకియ్యుండ్రి. నేను దొంగను కాదని గదే తలుపు మీద రాయుండ్రి" అంది మగ్దలేనమ్మ.

సంస్థ పెద్ద మనసు చేసుకుంది. ఫొటోను నిలువెత్తు చేయించి, కింద ఎర్రటి అక్షరాలతో "ఈమె దొంగ కాదు" అని రాయించింది. అప్పటిదాకా సంగతే తెలియనివాళ్లు ఆగి చదివి, "ఇంతకీ ఈమె చేయనిది ఏ దొంగతనమట?" అని ఆరా తీయసాగారు. బడి గేటు దగ్గర తల్లులు పిల్లల చెవి కమ్మలు తడిమి చూసుకుని మరీ ఇంటికి తీసుకుపోతున్నారు.

ఫొటో తీసేయకపోతే పరువు నష్టం కేసు పెడతానంది మగ్దలేనమ్మ. శ్రీహరి లేచి నిలబడి, కుర్చీ చూపించి, ఎంతో మర్యాదగా చెప్పాడు.

"పెట్టుండ్రమ్మా. 'ఈమె దొంగ కాదు' అని గక్కడ రాసింది అబద్ధమని కోర్టుల మీరే రుజువు చెయ్యుండ్రి."